తడి గోనెపట్టాల గది

మా తోడికోడలు కంచరపాలెంలో తమ ఇంటి వెనక గదిలో పుట్టగొడుగులు పెంచుతుంది. నాకన్నా పదేళ్లు పెద్ద, అక్కా అని పిలుస్తాను. గదిలో తేమ తగ్గితే పుట్టగొడుగుల అంచులు ఎండి చిట్లిపోతాయి. నేను మద్దిలపాలెంలో కంప్యూటర్ల ఆఫీసులో చేస్తాను కదా అని, పోయిన ఎండాకాలం అరచేతిలో పట్టే చిన్న బోర్డు కంప్యూటర్ కొని, దానికి తేమ కొలిచే సెన్సర్ తగిలించి ఆ గది గోడకు బిగించాను. ముందు గదిలో ఉన్న వైఫై మీదుగా అది నా ఫోనుకి అంకెలు పంపేది.

వారం తిరక్కుండానే మొండికేసింది. పొద్దున్నంతా బాగానే ఉండి, మధ్యాహ్నానికి అంకెలు ఆగిపోయేవి. అవి రాకపోతే గది ఎలా ఉందో తెలియదు. అందుకని వెంటనే అక్కకు ఫోన్ చేసి నీళ్లు కొట్టావా అని అడిగేదాన్ని. కొట్టానని చెప్పేది. రోజురోజుకీ జవాబు ముక్తసరిగా మారింది. ఆఖరికి ఫోన్ ఎత్తడం మానేసింది.

ఆఫీసు అయ్యాక సాయంత్రాలు వెళ్లి బాగుచేసేదాన్ని. కరెంటు చాలడం లేదేమోనని చార్జర్ మార్చాను. పని లేనప్పుడు వైఫై నిద్రపోకుండా సెట్టింగు మార్చాను. పక్కిళ్ల వైఫైలు అడ్డొస్తున్నాయేమోనని రౌటర్ ఛానల్ కూడా మార్చాను. ఏం చేసినా ఆ సాయంత్రానికి పనిచేసేది. మర్నాడు మళ్లీ అదే కథ.

చివరికి ఒక గురువారం సెలవు పెట్టి, లాప్‌టాప్ పట్టుకుని వెనక వరండాలో కూర్చున్నాను. అక్క టీ గ్లాసు తెచ్చి పక్కన పెట్టి తన పనిలో పడింది. పదకొండు దాటాక, గదిలో తేమ నిలవడానికి గోనెపట్టాలు తొట్టిలో ముంచి, రెండు వరసలుగా గుమ్మానికి వేలాడదీసింది. సిగ్నల్ సన్నగిల్లుతూ వచ్చి తెగిపోయింది. పట్టాలు తీయమన్నాను, సిగ్నల్ వచ్చింది. మళ్లీ కట్టమన్నాను, పోయింది. ఆ గదివి పాతకాలపు రాతి గోడలు. సిగ్నల్ గుమ్మంలోంచే లోపలికి వెళ్లాలి, తడి పట్టాలేమో దాన్ని ఆపేస్తున్నాయి. నేను వచ్చే సాయంత్రం వేళకి అవి ఆరిపోయి ఉండేవి.

సంగతి చెప్పాను. అక్క మెట్టు మీద కూర్చుంది.

“అంటే అది ఆగిపోయినప్పుడల్లా నాను తడిపినట్టేనా?”

“అవునక్కా.”

“మరి రోజూ అదే టయానికి ఫోన్ సేసీదానివి. నాను తడపనేదనే కదేటి?”

కాదు, నా అనుమానం మిషన్ మీదేనన్నాను. అన్నాక మనసొప్పలేదు. రెండు రోజులు మాత్రం నిన్నే అనుమానించానక్కా అని కూడా చెప్పేశాను.

అక్క తన చేతులకున్న తడి చీరకు తుడుచుకుంది.

“ఆ మాట ముందే అడిగీసుంటే పోయీది” అంది.

బోర్డును గుమ్మం బయటికి మార్చి, సెన్సర్ తీగ ఒక్కటే లోపలికి పోనిచ్చాం. నీళ్లు చిందని చోటు అక్కే చూపించింది, నేను మేకులు కొడుతుంటే స్టూలు కదలకుండా పట్టుకుంది. ఆ తరవాత అంకెలు ఆగలేదు.

ఆ మధ్యాహ్నం అక్కడే భోంచేశాను. పుట్టగొడుగుల కూరలో ఉప్పు తక్కువైందన్నాను. అక్క ఉప్పు డబ్బా నా వైపు జరిపి, తన కంచంలోనూ కాస్త వేసుకుంది.