టైరు కింద గొంగడి

ఇప్పుడు మా కారు డిక్కీలో నారింజరంగు ప్లాస్టిక్ పలకలు రెండు ఎప్పుడూ ఉంటాయి. కారు ఇసుకలో దిగబడితే చక్రాల కింద తోసి బయటికి తెచ్చుకునే పలకలు. కూరగాయల సంచులు ఒళ్ళో పెట్టుకునైనా కూర్చుంటాను గానీ వాటిని కదపను. మా ఆయన చూసి నవ్వుతాడు. నాకు నవ్వు రాదు.

ఎలక్ట్రిక్ కారు కొన్న ఏడాది, చలికాలం మొదలవుతూనే ఇంట్లో టైర్ల గొడవ మొదలైంది. ఖతర్‌లో చలికాలమంటే ఎడారిలో గుడారాలు. శుక్రవారం వచ్చిందంటే అల్ ఖోర్‌లో మా చుట్టుపక్కల వాళ్ళంతా చాపలూ బిర్యానీ గిన్నెలూ సర్దుకుని ఇసుకలోకి పోతారు. మా ఆయన నెల్లాళ్ళు వీడియోలు చూసి తేల్చాడు.

"బ్యాటరీతో ఈ కారు మహా బరువు. ఇసుకలోకి పోవాలంటే పక్కలు ఎత్తుగా ఉన్న టైర్లు కావాలి. కాస్త గాలి తీస్తే అవి వెడల్పుగా పరుచుకుంటాయి, దిగబడవు."

నాకేమో షాపులో మెరిసే పెద్ద చక్రాలకు తొడిగిన పల్చటి టైర్లు నచ్చాయి. "మనమేమన్నా ట్రాక్టరు తోలుతున్నామా?" అన్నాను, షాపువాడి ముందే. చివరికి ఆ పల్చటివే వేయించాం. పైన పటారం లోన లొటారం అని మా అమ్మ నన్ను చూసే అనేదనుకుంటాను. ఆయన చెప్పకుండా పలకలు కొని డిక్కీలో పెడితే, బిర్యానీ గిన్నె పట్టడం లేదని నేను వాటిని బాల్కనీలోకి మోసి, వాటి మీద పూలకుండీలు పేర్చాను.

జనవరిలో ఒక శుక్రవారం ఆయనకు ప్లాంటులో డ్యూటీ పడింది. నేను ఆగుతానా? ఆరేళ్ళ మా అమ్మాయిని ఎక్కించుకుని అల్ షహానియా అవతల స్నేహితులు వేసిన గుడారానికి బయల్దేరాను. తారురోడ్డు దిగి అర కిలోమీటరు పోయానో లేదో, కారు ఆగింది. నాకు కోపమొస్తే బుర్ర పనిచేయదు, కాలు పనిచేస్తుంది. యాక్సిలరేటర్ అదిమిపట్టాను. పెట్రోలు కారైతే కనీసం మొత్తుకుంటుంది. ఇది నోరెత్తకుండా తన గొయ్యి తనే తవ్వుకుంది.

మా ఆయనకు ఫోన్ చేశాను.

"డిక్కీలోంచి పలకలు తియ్యి" అన్నాడు.

"పలకలు బాల్కనీలో ఉన్నాయి."

"దగ్గర్లో ఎవరన్నా ఉన్నారా?" అన్నాడు.

"ఒంటెలు కాసేవాడెవడో ఇటే వస్తున్నాడు. వాడి అవతారం చూస్తేనే భయమేస్తోంది. వాడు దగ్గరికి రాకముందే ఎవర్నన్నా పంపించవయ్యా బాబూ!" అని ఏడుపు గొంతుతో అరిచాను.

వచ్చినతను మూడు ఒంటెలను నడిపించుకొస్తున్నాడు. నలభై ఏళ్ళుంటాయేమో. తలకు తువ్వాలు, భుజం మీద నల్ల గొంగడి. ఆ గొంగడి చూడగానే తెలిసిపోయింది, ఏ కరీంనగర్ వైపో, నిజామాబాద్ వైపో. అతను వంగి కారులోకి చూశాడు.

"తెలుగోళ్ళా అక్కా?"

"నహీ. హిందీ" అన్నాను.

ఎందుకన్నానో చెప్పడానికి ఇప్పటికీ నోరు రాదు. ఇక్కడ మాలాంటి తెలుగు కుటుంబాల్లో ఇదొక అలవాటు. సూపర్‌మార్కెట్‌లో పనివాళ్ళ తెలుగు వినబడితే చాలు, మా నోళ్ళు ఇంగ్లీషులోకి తిరిగిపోతాయి. తెలుగని తెలిస్తే ఊరు అడుగుతారు, నంబరు అడుగుతారు, తర్వాత తమ్ముడికి ఉద్యోగం అడుగుతారు, ఎందుకొచ్చిన తంటా అని. మా అమ్మాయి తెల్లబోయి నా వైపు చూసింది. దాని మోకాలి మీద గట్టిగా నొక్కాను.

అతను "అచ్ఛా" అని హిందీలోకి మారాడు. ఒంటెలను కూర్చోబెట్టి, తాళంచెవితో నాలుగు టైర్లలో గాలి తీశాడు. ఆ పల్చటి టైర్లలో తీయడానికి గాలి ఎంతని ఉంటుంది? చేతులతో ఇసుక తోడాడు. నేను మళ్ళీ యాక్సిలరేటర్ నొక్కాను. చక్రం అక్కడే తిరిగింది. ఇంతలో అతని ఫోన్ మోగింది.

"ఏ, ఈడ కారు దిగవడ్డదిరా. ఆడిమనిషి, చిన్నపోరి ఉన్నరు. చక్రం కింద ఎయ్యనీకి ఏం లేదు. నాయిన గొంగడి ఏసి తీస్త." అవతలివాడు వద్దన్నట్టున్నాడు. "పోతె పోనీరా. నాయిన బతికున్నా గిదే జేస్తుండె."

నాకు ప్రతి మాటా అర్థమైంది. వద్దయ్యా అనడానికి తెలుగే అక్కర్లేదు, హిందీలోనైనా అనొచ్చు, చెయ్యి ఊపినా సరిపోయేది. కాళ్ళ కింద నా కొత్త మ్యాట్లు నాలుగున్నాయి. అవి గుర్తు రాలేదని అబద్ధం చెప్పను. గుర్తొచ్చాయి. పాడైపోతాయనుకున్నాను. ఛీ, ఏం మనిషిని!

అతను గొంగడిని మడతలు వేసి ముందు చక్రం కిందికి తోసి, వెనక్కి జరిగి, "ఆహిస్తా, ఆహిస్తా" అన్నాడు. నేను మెల్లగా పోనిస్తే కదా! ఒక్కసారిగా తొక్కాను. కారు ఎగిరి గట్టినేల మీద పడింది. అద్దంలో చూస్తే గొంగడి ఇసుకలో నల్లగా పడి ఉంది, ఒక అంచు పేలికై. అతను దాన్ని తీసి రెండుసార్లు దులిపాడు. చిరిగిన వైపు లోపలికి మడిచి, మళ్ళీ భుజాన వేసుకున్నాడు. నాకు కనబడకూడదనే అలా మడిచాడని నాకు అర్థమైంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

పొద్దు వాలుతోంది. అతను కారు దగ్గరికొచ్చి, మా అమ్మాయి వైపు వంగి తెలుగులోనే చెప్పాడు.

"పాపకు చలివెడ్తది, ఈ అద్దం ఎక్కియ్యిండ్రి అక్కా. నేనొచ్చేటప్పటికెంచి దెరిచే ఉన్నది. సార్‌కు ఫోన్ జేసి బయటవడ్డమని చెప్పుండ్రి. ఇందాక మస్తు గాబర వడ్డరు."

అంటే నేను ఫోన్‌లో అరిచినప్పుడు ఆ అద్దం తెరిచే ఉంది. వాడి అవతారం అన్నదీ, భయమేస్తోందన్నదీ అంతా విన్నాడు. విన్నాకే తెలుగోళ్ళా అని అడిగాడు. నేను కాదన్నాకే తండ్రి గొంగడి నా టైరు కింద పరిచాడు.

క్షమించు తమ్ముడూ అనాలని నోరు తెరిచాను. మా అమ్మాయి నా వైపే చూస్తోంది.

"షుక్రియా, భయ్యా" అన్నాను.