మెడ మీద దోసకాయ

పెదనాన్న పోయాడని అక్క ఫోన్ చేసినప్పుడు నేను స్కూల్లో పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. అక్క అంటే ఆయన కూతురు. "నాన్న పోయాడే. పోయేముందు కూడా నర్సుని తిట్టాడు," అంది. ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది. ఆయన ఇంకోలా పోయాడంటే నేను నమ్మేదాన్ని కాదు.

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. మా పెదనాన్న గురించి అలా ఒక్క మంచే చెబితే ఆయనే లేచొచ్చి కర్రతో ఒకటిస్తాడు. పగలంతా కడియం నర్సరీలో అంట్లు కట్టేవాడు. గులాబీ కొమ్మకి గాటు పెట్టి, మొగ్గ అతికించి, పసిపిల్ల బొడ్డుకి కట్టు కట్టినంత మెత్తగా పట్టీ చుట్టేవాడు. సాయంత్రమయ్యేసరికి అవే చేతులతో కర్రసాము, కత్తిసాము. అది ఆయనకు వృత్తి కాదు, సరదా. ఆ సరదా పుణ్యమా అని ఊళ్ళో సగంమంది పిక్కల మీద మచ్చలున్నాయి. నాకూ ఉంది.

దసరా ఊరేగింపులో సాము చేసే జట్టుకి ఆయన గురువు. పట్టుబట్టి నన్నూ అందులో చేర్చుకున్నాడు. "ఆడపిల్లకి సామేంటండీ బావగారూ," అని మా అమ్మ గొణిగితే, "దెబ్బకి ఆడామగా తెలీదమ్మా," అన్నాడు. మొదటిరోజే కర్ర తిప్పడంలో నా కాలు అడ్డమొచ్చింది. ఆయన కర్ర ఆగలేదు. పిక్క చిట్లి నేను కూలబడి ఏడుస్తుంటే పక్కన గొంతుక్కూర్చుని అన్నాడు: "రక్తం చూసి ఏడవకు. ఎవరిదో చూసి ఏడు." ఆ మాట అప్పుడు అర్థం కాలేదు, కోపం మాత్రం వచ్చింది.

ఈ వేసవిలో ఊపిరితిత్తులు మొరాయించి ఆయన మంచానికే పరిమితమయ్యాడు. ఓ ఆదివారం నాన్నా నేనూ చూడటానికి వెళ్తే, "గోడ మీద సామానంతా దించవే, నూనె రాయాలి," అన్నాడు. నేను ఒక్కొక్కటీ దించి గుడ్డతో కొబ్బరినూనె పట్టిస్తుంటే ఆయన దిండుకి ఆనుకుని చెప్పుకుంటూ పోయాడు. ఆయనకి సంవత్సరాలు గుర్తుండవు, సామాన్లు గుర్తుంటాయి. బతుకంతా ఆ గోడకే తగిలించుకున్నాడు.

చివర పగిలిన వెదురుకర్ర దించాను. "అది ఓ లారీ బ్రోకరు జబ్బ ఎముక మీద పగిలింది. మొక్కలు ఎత్తే ఆడమనిషి చెయ్యి పట్టుకున్నాడు. పోలీసులు నన్ను కుళ్ళబొడిచారనుకో. మీ అక్క పుట్టిందన్న కబురు స్టేషన్లోనే తెలిసింది." రెండు కొసలా నిప్పు ముట్టించి తిప్పే బాణాకర్ర దించాను. ఆయన తన మోచేతి మీద ముడతలుపడ్డ కాలిన చర్మం చూపించాడు. "మీ పెద్దమ్మ పెళ్ళిచూపులప్పుడు ఇది పచ్చిగా ఉంది. కట్టు చూసి భయపడకుండా, మందు రాశారా అని అడిగింది. అంతే, ఒప్పేసుకున్నా." పెద్దమ్మ గుమ్మంలోంచి, "మీరు ఒప్పుకునేదేంటి, నేను కదా ఒప్పుకుంది," అంది.

ఆఖరున కత్తి దించాను.

తెలియనివాళ్ళ కోసం చెప్పాలి. ఊరేగింపులో అన్నిటికంటే పెద్ద ఆట దోసకాయ నరకడం. ఓ మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి మెడకీ భుజానికీ మధ్య దోసకాయ పెడతారు. గురువు కళ్ళ మీద పిండిముద్దలు పెట్టి గుడ్డతో గంతలు కడతారు. ఆయన కత్తి ఎత్తి ఒకే ఒక్క వేటు వేస్తే దోసకాయ రెండు ముక్కలవ్వాలి, కింద చర్మం మీద గీత కూడా పడకూడదు. కళ్ళతో పని లేదు, కత్తి బరువు చేతికి తెలియాలి. కింద పడుకున్నవాడు ఊపిరి బిగబట్టి కదలకుండా ఉండాలి. ఏటా పడుకునేది మా నాన్నే.

నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఒక దసరాకి ఆ కత్తి దోసకాయని దాటి మా నాన్న భుజంలోకి ఎముక దాకా దిగింది. డప్పులవాళ్ళకి తెలియక ఇంకా వాయిస్తూనే ఉన్నారు. జనం చప్పట్లు కొడుతున్నారు. ఎర్రబడ్డ దోసకాయ ముక్క దొర్లుకుంటూ వచ్చి మా అమ్మ కాళ్ళ దగ్గర ఆగింది. ఆమె కేకతో గాని డప్పులు ఆగలేదు. పెదనాన్న గంతలు పీక్కుని, తమ్ముడి భుజంలోకి పిడికిలి కుక్కి, అలాగే ఆసుపత్రి దాకా వచ్చాడు.

పోలీసులు అడిగితే నాన్న ఒక్కటే చెప్పాడు: "తప్పు నాదేనండి. తుమ్మొచ్చింది, కదిలాను."

అప్పట్నుంచీ నాన్న ఎడమచెయ్యి భుజం కంటే పైకి లేవదు. ఊరు ఆయనకి 'తుమ్ముగారు' అని పేరు పెట్టింది. టీకొట్టు దగ్గరికి వెళ్తే, "జరగండ్రోయ్, తుమ్ముతాడు," అని ఆకతాయిలు పక్కకి దూకేవాళ్ళు. ఆ బాధ పడలేకే మేము ధవళేశ్వరం వచ్చేశాం. పెదనాన్న మళ్ళీ కళ్ళకి గంతలు కట్టుకోలేదు.

ఆ ఆదివారం కత్తి నా చేతిలో ఉండగా ఆయన అన్నాడు: "మీ నాన్న కదల్లేదే."

"కదిలాను," అన్నాడు నాన్న బల్ల మీంచి.

"నోర్ముయ్యి. ఏటా నా చేత్తో నేనే సానరాయి మీద నూరేవాణ్ణి. ఆ ఏడు తళతళలాడాలని టౌన్లో మిషను మీద సాన పట్టించా. ఇనుము తినేసింది, కత్తి తేలికైపోయింది. చేతికి పాత బరువే గుర్తుంది. నా తప్పే. ఊరంతా చెప్పా. ఎవరైనా నమ్మారా? తమ్ముణ్ణి వెనకేసుకొస్తున్నాడు, ఎంత గొప్పోడో అన్నారు. వీడు తుమ్మూ తుమ్మూ అని నన్ను దేవుణ్ణి చేసి కూర్చోబెట్టాడు."

"నేను నిజం చెబితే నిన్నెవరు గురువనేవాళ్ళు అన్నయ్యా?"

"అదిగో! ఒప్పుకున్నావు!"

"ఒప్పుకోలా. కదిలాను."

నూనెగిన్నె నా చెవి పక్కనుంచి వెళ్ళి గోడకి తగిలింది. ఊపిరాడని మనిషి అంత బలంగా ఎలా విసిరాడో ఇప్పటికీ తెలీదు. "పోయేముందైనా నా తప్పు నాకివ్వరా!" అని అరిచి, దగ్గుతో మెలికలు తిరిగిపోయాడు.

నాన్న లేచాడు. వంటింట్లో బుట్టలోంచి దోసకాయ తెచ్చాడు. చొక్కా విప్పి, మంచం పక్కన గచ్చు మీద వెల్లకిలా పడుకుని, ఆ పాత గాటు మీదే దోసకాయ పెట్టుకున్నాడు. "రా. కొట్టు. కదులుతానో లేదో చూసుకో," అన్నాడు.

"మీ ఇద్దరికీ మతిగాని పోయిందా!" అని పెద్దమ్మ కేకలేసింది. నేను కత్తి వెనక్కి దాచాను. పెదనాన్న చెయ్యి చాపాడు. ఆ చూపు ముందు నా చెయ్యి నిలవలేదు, ఇచ్చేశాను. ఆయన మంచం అంచున కూర్చుని కత్తి ఎత్తితే మొన గాల్లో గజగజ వణికింది. కళ్ళు మూసుకున్నాడు. కత్తి కిందికి వస్తుంటే వణుకు ఆగింది. దోసకాయ తొక్క మీద ఆనింది, అక్కడే నిలబడింది. నాన్న పొట్ట కూడా కదల్లేదు.

"కదిలావా?"

"లేదన్నయ్యా."

"అప్పుడో?"

నాన్న చూపు పైకప్పు మీదే ఉంది. "అప్పుడూ లేదు," అన్నాడు.

కత్తి గచ్చు మీద పడింది. పెదనాన్న వంగి తమ్ముడి చెంప ఛెళ్ళుమనిపించాడు. "ఇన్నాళ్ళు పట్టిందిరా వెధవా, ఈ మాటకి?" అని, కొట్టిన ఆ చెంపనే రెండు చేతుల్లోకి తీసుకుని ఏడ్చాడు. ఆ చేతుల్లో రక్తం ఎవరిదో ఆయనకి ఎప్పుడూ తెలుసు. చిన్నప్పుడు నాతో అన్న మాట ఆ రోజుకి అర్థమైంది.

ఇది జరిగిన నెలలోపే ఆయన పోయాడు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నది కర్ర తిప్పడం కాదు, అదెప్పుడో మర్చిపోయాను. తన తప్పుని ఇంకొకరి మెడ మీద పెట్టి బతకడం కంటే దెబ్బ తినడం నయమని నేర్చుకున్నాను.

కర్మలయ్యాక సామానంతా జట్టువాళ్ళు తీసుకెళ్ళారు. దోసకాయ మాత్రం వంటింటి కిటికీలో అలాగే ఉంది, తొక్క మీద దారమంత గీతతో. పెద్దమ్మ దాన్ని వండలేదు, పారెయ్యనూ లేదు. బయల్దేరేటప్పుడు నాన్న చేతిలో పెట్టింది.

ధవళేశ్వరం దాకా ఆటోలో వచ్చాం. కాలవగట్టు రోడ్డు, అడుగడుక్కీ గుంట. నేను రెండుసార్లు తల కొట్టుకున్నాను. నాన్న ఒళ్ళో దోసకాయ పెట్టుకుని నిటారుగా కూర్చున్నాడు. ఇల్లు వచ్చేదాకా కదల్లేదు.