టీవీ గుండు ఇంటికి, ఏడాది ఆలస్యంగా

ప్రభు రెండేళ్లు పిలిచాడు. నేను పోలేదు. అతను చనిపోయి ఏడాదయ్యాక, జ్ఞాపకార్థ కూడికకు రమ్మని అతని భార్య సునీత ఫోన్ చేస్తే మాత్రం రైలెక్కాను. ఇందులో గొప్పేమీ లేదు, సిగ్గే ఉంది. చిన్నప్పుడు మా వాడకట్టంతా చూసిన సీరియల్‌లో గుండు అనే పిల్లవాడిగా నటించింది ప్రభే. మూడేళ్ల కిందట ఆ సీరియల్ అభిమానుల గ్రూపులో ఎవరో పాత వీడియో పెడితే, కింద ఒక మనిషి రాశాడు: "ఆ పిల్లగాన్ని నేనే. ఇప్పుడు గనిల పనిచేస్తున్న. ఫస్ట్ షిఫ్టుకు టైమైంది, మల్ల మాట్లాడుత." అలా స్నేహమైంది. సీరియల్ వాళ్లు మీసాలు మొలిచేదాకా వాడుకుని వదిలేశారు. ఒక్కడూ మళ్లీ ఫోన్ చేయలేదట. తండ్రి జబ్బుపడి పని మానేస్తే ఆయన బొగ్గుగని ఉద్యోగం వారసత్వంగా వచ్చింది. చివరికి కామెర్లు ముదిరి పోయాడు.

నేను జీడిమెట్లలో లేత్ మిషన్ మీద పనిచేస్తాను. సెలవడిగితే సూపర్‌వైజర్ "చుట్టమా?" అన్నాడు. కాదన్నాను. "మరెందుకు?" అన్నాడు. అలాంటి వాడికి జవాబు చెప్పడం దండగ. సికింద్రాబాద్‌లో పొద్దున్నే రైలు, జనరల్ టికెట్ వందకు అటూ ఇటూ. కాజీపేటలో వాణి ఎక్కింది. మా గ్రూపు మనిషే, వరంగల్‌లో బట్టలు కుడుతుంది. సంచిలో స్పీకర్ తెచ్చింది. గుండు తల్లి కోసం ఏడ్చే సీను కూడికలో వినిపించాలని మా ఆలోచన.

పదిన్నరకు రామగుండంలో దిగాం. స్టేషన్ బయట షేర్ ఆటోలో గోదావరిఖని బస్టాండుకు మనిషికి ముప్పై. ఎవరింటికని డ్రైవర్ అడిగితే చెప్పాం.

"ప్రభునా? మా తమ్మునితోని వాలీబాల్ ఆడేటోడు. టీవీల చేసిండా? అరె, ఒక్కనాడన్న చెప్పలే!"

అక్కణ్ణుంచి సెంటినరీ కాలనీకి బస్సు, ముప్పావు గంట. "ఆడోళ్లకు బస్సు ఫ్రీ, నాకు జీరో టికెట్. నీ పైసలు నువ్వే ఇచ్చుకో" అని వాణి ఎగతాళి చేసింది. దారి పొడుగునా ఓపెన్‌కాస్ట్ గనులు తవ్విపోసిన మట్టి గుట్టలు. కిటికీ పక్కన కూర్చుంటే ఆ దుమ్ముకు చొక్కా మీద ఆశ వదులుకోండి.

ప్రభు వాళ్ల కంపెనీ క్వార్టర్లో సునీత బగార అన్నం, కోడికూర పెట్టింది. కూడిక నాలుగున్నరకు. ఇక్కడ ఏ కార్యమైనా షిఫ్టు చూసే పెడతారు. మొదటి షిఫ్టు వాళ్లు మూడింటికి గనిలోంచి పైకొచ్చి, స్నానాలు చేసి రావాలి కదా. ఇంటి ముందు టెంటు కింద యాభై మంది దాకా చేరారు. పాస్టర్ ప్రార్థన అయ్యాక వాణి స్పీకర్ పెట్టింది. గుండు ఏడుపు మొదలైంది.

"ఆపు బిడ్డా" అంది ప్రభు తల్లి మరియమ్మ. "గది మా పిలగాని గొంతు గాదు. ఎవరో ఆడామె మాట్లాడింది. అప్పుడు గూడ టీవీ ముందల కూసోని ఏడ్చిన, నా కొడుకు నోట్లె ఇంకోల్ల మాటేంది అని."

అది డబ్బింగ్ అని మాకు తట్టనే లేదు. పదిహేనేళ్లు అభిమానులమని చెప్పుకు తిరిగినవాళ్లం! వాణి స్పీకర్ ఆపి సంచిలో పెట్టేసింది.

సునీత నా వైపు తిరిగింది. "అన్నా, ఆయన గొంతు మా దగ్గర లేదు. ఒక్కింట్ల ఉంటిమి, నాకెందుకు వాయిస్ మెసేజ్ పెడతడు? మీకు పెట్టేటోడు గద. ఒక్కటన్న ఉన్నదా?"

నాకు ఒళ్లు మండింది, నా మీదే. ఫోను నిండినప్పుడల్లా వెధవ వీడియోలు ఉంచుకుని మెసేజీలు తుడిచేశాను. అందరి ముందూ వెతికాను. ఒకటి దొరికింది. అదేమిటో నాకు తెలుసు. అయినా పెట్టాను.

"ఏంది రాజన్నా, మల్ల ఎగ్గొడ్తివా? ఆదివారం ప్లేడే పడ్డది, డ్యూటీ జేస్తే డబల్ జీతం. నువ్వొస్తవని వదులుకున్న. సునీత కోడి గూడ కోసింది. ఇగ నీ ముక్కలు నేనే తింట, ఫికర్ జెయ్యకు!"

గని వాళ్లు గొల్లున నవ్వారు. "ప్లేడే ఇడిసిపెట్టిండా వీడు!" అన్నాడొకాయన, కళ్లు తుడుచుకుంటూ.

మరియమ్మ దగ్గరికి జరిగింది. "ఇంకోపారి పెట్టు బిడ్డా." పెట్టాను. ఏడుసార్లు పెట్టించుకుంది. నన్ను తిట్టిన తిట్లు ఏడుసార్లూ నేనూ విన్నాను. తర్వాత ఆ మెసేజ్ సునీత ఫోనుకు పంపాను.

అభిమానం అంటే ఏమిటో ఇన్నాళ్లూ నాకు తెలియదు. ఎవరిదో గొంతును ప్రేమించాం, అసలు గొంతు పిలిస్తే పని ఉందన్నాం. అతని ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క మాట నన్ను తిట్టింది. అది వింటూ వాళ్ల అమ్మ నవ్వింది. ఆ తిట్టు నాకు సరిపోదు, ఆమెకు సరిపోయింది.

వెళ్లేవాళ్లకు ఒక మాట: గని మనిషి ఇంటికి వెళ్లేముందు ఏ షిఫ్టో అడగండి. మొదటి షిఫ్టైతే నాలుగు తర్వాత, రెండో షిఫ్టైతే పొద్దున, రాత్రి షిఫ్టైతే మధ్యాహ్నం నిద్ర లేచాక కలుస్తాడు. ఏ షిఫ్టు మనిషికైనా ఒక పూట ఖాళీ ఉంటుంది. ఆ పూట వెళ్లండి.