డురియాన్ వాసన పీల్చిన తమలపాకులు

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, తను చేసే పనికంటే గొప్ప పని లోకంలో మరొకటి ఉందని మనిషికి తోచదు. నాకైతే మరీనూ. మలేషియాలోని క్లాంగ్‌లో కూరగాయలు చుట్టే ప్లాస్టిక్ పొర తయారుచేసే ఫ్యాక్టరీలో చేరాను. మామూలు పొర కాదు, గాలి ఆడే పొర. కోసిన తరువాత కూడా ఆకూ కాయా ఊపిరి పీలుస్తూనే ఉంటాయట. మామూలు సంచిలో బిగిస్తే ఉక్కిరిబిక్కిరై, చెమటపట్టి కుళ్లిపోతాయి. మా పొర కావలసినంత గాలిని మాత్రం లోపలికి రానిచ్చి, లోపలి చెడుగాలిని బయటికి పంపేస్తుంది. లోపలి ఆకు నిదానంగా ఊపిరి తీసుకుంటూ ఎక్కువ రోజులు పచ్చగా ఉంటుంది. చూడబోతే ఒట్టి ప్లాస్టిక్కు, చేసేది కన్నతల్లి పని! ఈ సంగతి తెలిసిన రోజు నాకు కళ్లు చెమర్చాయి (పక్కనున్న సూపర్‌వైజర్ నాకు ఇల్లు గుర్తొచ్చిందనుకుని టీ ఇప్పించాడు).

సరిగ్గా అప్పుడే మా ఊరు సుంగై సిపుట్‌లో అక్క పెళ్లి కుదిరింది. తాంబూలానికి తమలపాకులు క్లాంగ్ నుంచి నేనే తెస్తానని, వారం ముందే కొని మా పొరలో చుడతానని ప్రకటించాను. అమ్మ గుండెలు బాదుకుంది. "వారం కిందటి ఆకులేటే? పెళ్లికొడుకు మామ్మ సంగతి నీకు తెల్దు. ఆకు వాడిందని ఎవలి పెళ్లిలోనో తాంబూలం పళ్లెం ఎనక్కి తోసేసినాది!" "వాడితే నా పేరు మార్చుకుంటానమ్మా" అన్నాను. ఇక వేరే ఆకులు ఎవరూ కొనలేదు. నేను రైల్లో ముందే వెళ్లిపోయాను. ఆకుల ప్యాకెట్లను ఐసు పెట్టెలో పెట్టి, క్లాంగ్ నుంచి కారులో రాబోయే చిన్నాన్నకు అప్పగించాను. "జాగ్రత్త చిన్నాన్నా, వాటికి ఊపిరాడాలి" అని ఒకటికి పదిసార్లు చెప్పాను. అలా చెప్పడమే కొంప ముంచింది.

పెళ్లినాటి ఉదయం చిన్నాన్న దిగాడు. ప్యాకెట్లు అందరి ఎదుటే విప్పాలని నా పట్టుదల. తాంబూలాల వేళ మామ్మ ముందు నిలబడి, ఒక ప్యాకెట్టు పైకెత్తి చూపించి (చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను, అడక్కండి), చర్రున చింపాను. ఆకులు నవనవలాడుతున్నాయి. వాటితోపాటు గుప్పుమని, పనసకు పెద్దన్నలాంటి డురియాన్ పండు ఘాటువాసన మండపమంతా కమ్మేసింది. ఆడవాళ్లు కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. అందరం చిన్నాన్న వైపు తిరిగాం.

"ఏటలా సూస్తారు?" అన్నాడు చిన్నాన్న, మలేషియా అలవాటుగా మాట చివర 'లా' తగిలిస్తూ. "దారిలో డురియాన్లు కొన్నాను. పెట్టెలో ఊపిరాడదని ప్యాకెట్లు తీసి ఆటి మీద పేర్చినాను లా! ఏసీ కూడా ఏసినాను!"

ఊపిరి పీల్చనిచ్చే పొర పక్కనున్న వాసననూ పీల్చనిస్తుందని నాకే తట్టలేదు, ఇక చిన్నాన్ననేం అనను? అమ్మ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. పళ్లెం వెనక్కి తోస్తే అక్క పరువేం కాను? నాకు ఏడుపొక్కటే తక్కువ. మామ్మ ఒక ఆకు తీసి, తొడిమ పటుక్కున తుంచి, సున్నం రాసి, వక్కపలుకు వేసి నోట్లో పెట్టుకుంది. కళ్లు మూసుకుని చాలాసేపు నమిలింది.

"ఆకు ఇప్పుడే కోసినట్టుంది. ఎప్పటిదే పిల్లా?"

"వారమైంది మామ్మా."

"వారవా! నీ సేతిలో ఏటుందే తల్లీ!" అని నా చెయ్యి పట్టుకుంది. తరువాత పక్కనున్న తన కొడుకు వైపు ఓరగా చూసింది. "సుగరని ఈడు నన్ను డురియాన్ ముట్టనీడు. ఈ పిల్ల ఆకులో పెట్టి తినిపించినాది. వాంగి లా, ఏం సువాసనా! ఇంకోటియ్యి."

మండపం నవ్వులతో నిండిపోయింది. పళ్లెం మామ్మ ఒళ్లోనే ఉండిపోయింది. అమ్మ పక్కకు తిరిగి కళ్లు తుడుచుకుంది. చింపిన పొరను మామ్మ మోకాలి మీద పరిచి, అరచేత్తో సాపుచేసి, మడిచి బొడ్డున దోపుకుంది. మా పొరకు అంతటి మర్యాద ఆ తరువాత ఏ ప్రదర్శనలోనూ జరగలేదు.

ఇన్నేళ్ల తరువాత ఆ పొర గురించి నాకు అప్పటికంటే చాలా ఎక్కువే తెలుసు. అదంటే ఇప్పటికీ ముచ్చటే. కానీ ఎవరింట్లో పెళ్లయినా ఆకులు నేను తెస్తాననే ధైర్యం మాత్రం లేదు. ముందే వంద అనుమానాలు అడ్డొస్తాయి. ప్యాకెట్టు పైకెత్తి పట్టుకుని నిలబడిన ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా కలుగుతుంది.