సత్తవ్వ అడిగిన జోగు

సత్తవ్వ నోటికి మా ఊరి కుక్కలు కూడా దారిచ్చేవని అంటారు. అందులో అబద్ధం కొంచెమే. వరుసకు ఆమె నాకు పెద్దమ్మ. ఆమె ఇంటికీ మా ఇంటికీ నడుమ ఒక్కటే గోడ. పొద్దున్నే బీడీల చాట ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నదంటే, చేతిలో కత్తెర తునికాకును కత్తిరిస్తుంటే నోరు ఊరందరినీ కత్తిరిస్తుండేది. మొగుడు చిన్న వయసులోనే పోయాడు. ఒక్కతే కూతురు, సరోజన. బీడీలు చుట్టే పెంచింది, బీడీలు చుట్టే పెళ్లి చేసింది. ఎవరి ముందూ చెయ్యి చాపలేదు. ఉప్పు అయిపోతే చప్పిడి కూరే తినేది గానీ గోడ మీదుగా నన్ను కూడా అడిగేది కాదు. ఆ పౌరుషం చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఇంత ధాటి గల మనిషికి రైలంటే భయం. నవ్వొచ్చే సంగతే గానీ, ఆమె దుఃఖమంతా అక్కడే మొదలైంది.

మాది సిరిసిల్లకు దగ్గరలో సాలెల ఊరు. ఇక్కడ పని దొరక్క మా వయసు పిల్లలు సగం మంది సూరత్‌కు పోయి సాంచాలు నడిపేవాళ్లు. మరమగ్గాలను మేము సాంచాలంటాం. సరోజన మొగుడు ఎల్లేశం కూడా పెళ్లయిన ఏడాదికే ఆమెను తీసుకుని అక్కడికే పోయాడు. బతుకమ్మ పండక్కి ఆడపిల్ల తనంత తాను పుట్టింటికి రాదు. అన్నో తమ్ముడో పోయి తోలుకొని రావాలి. సరోజనకు అన్నా లేడు, తమ్ముడూ లేడు. ఎల్లేశం పట్టుదల మనిషి. "అడగ రానోళ్లింటికి మేమెట్ల పంపుతం?" అని ఊరివాళ్లతో చెప్పి పంపేవాడు.

ఒక ఏడు సత్తవ్వ తెగించి తానే బయలుదేరింది. కొత్త చీర, మూటలో రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు. నిజామాబాద్ స్టేషన్ దాకా పోయింది. రైలు కూత పెడుతూ వచ్చి ఆగడం, జనం కిటికీల్లోంచి కూడా దూరడం చూసి ఎక్కకుండానే వెనుదిరిగిందట. తిరిగొచ్చి, "టికెట్లు అయిపోయినయట" అంది. ఊళ్లో ఎవరూ నమ్మలేదు. ఎవరూ ఆమె ముఖం మీద అనలేదు కూడా, ఆ మాత్రం దయ మా ఊరికి ఉంది.

అప్పటి నుంచి ఆమె బతుకమ్మను పేర్చడం మానేసింది. వాడకట్టు ఆడపిల్లలంతా పుట్టిళ్లకు వచ్చి గునుగుపూలకు రంగులద్దుతుంటే, "నడుము నొస్తంది" అని తలుపేసుకునేది. సరోజనకు అక్కడ బిడ్డ పుట్టిందని తెలిసినప్పుడు చక్కెర పంచింది. ఆ సాయంత్రం ఊరికే కూర్చుని నన్ను అడిగింది. "నా తీరు నోరు గల్లదైతదా, సరోజన తీరు మెత్తగైతదా? ఎవల తీరున్నదో సూసేది ఎప్పుడు బిడ్డా?"

తొంభై నాలుగులో, బతుకమ్మకు కొంచెం ముందు, సూరత్‌లో ప్లేగు అని రేడియోలో చెప్పారు. జనం దొరికిన రైలు ఎక్కి ఊళ్లకు పారిపోతున్నారట. మా ఊరంతా పరేషాన్. సూరత్‌లో మనిషి లేని ఇల్లు ఊళ్లో తక్కువ. ఆ రోజు సత్తవ్వ గోడ దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి మాట్లాడింది. ఆమె గొంతు తగ్గడం నేను అప్పుడే విన్నాను.

"బిడ్డా, నాకు సంబురమైతుందే. మనుషులు సస్తుంటే నాకు సంబురమైతుంది. తోలుకరాను పోయేటోళ్లు లేకుంటె రోగమే పోయి తోలుకొస్తది గావచ్చు. ఎంత పాపిష్టిదాన్నో సూడు."

అనేసి మళ్లీ బీడీల చాట దగ్గరికి పోయింది.

మొదటి గుంపు లారీ దిగి ఊరి బయట బడి దగ్గర నిలబడింది. ఆడవాళ్లు, మొగవాళ్లు, చంకల్లో పిల్లలు. ఊరు ఊరంతా సంఘం భవనం ముందు చేరింది. మా కులపెద్ద బుచ్చిరాములు, రోజూ మీసాలకు నూనె పెట్టే మనిషి, వాళ్లను రానీయొద్దని పట్టుబట్టాడు. అతనిది ఉత్త మొండితనం కాదు, అతని తాత ఇంటివాళ్లంతా ప్లేగులోనే పోయారట.

"మా తాత చెప్పేటోడు, గీ రోగానికి ఊరుకూరే ఇండ్లిడిసి చేన్లల్ల పడ్డదట. గాళ్లను రానిస్తే రేపు మనం చేన్లకు పోవాలె. వాపసు పంపుడే."

"ఏడికి పంపుతవు బావా?" సత్తవ్వ లేచింది. "సూరత్‌కా? సూరతోళ్లు ఎల్లగొట్టిరి, మనం ఎల్లగొడ్తిమి. మరి గాళ్లు మబ్బులల్ల ఉండాల్నా? మనం కన్న పిల్లలు గాళ్లు."

పొద్దు వాలేదాకా వాదన నడిచింది. చివరికి ఒప్పందం కుదిరింది. సర్కారు దవాఖాన డాక్టరు వచ్చి మందుబిళ్లలిచ్చి, తాను చెప్పేదాకా వాళ్లను విడిగా ఉంచమన్నాడు. బడిలో ఉంచుదామన్నారు. చుట్టూ తాడు కట్టారు. అన్నం తాడు దగ్గర పెట్టి వెనక్కి రావాలి. లోపలివాళ్లను ముట్టుకున్నవాళ్లు లోపలే ఉండిపోవాలి. ముట్టుకుని ఊళ్లోకి వచ్చినట్టు తెలిస్తే మాత్రం అన్నం బంద్, అందరినీ వాపసు పంపడమే. బుచ్చిరాములు ఈ మాటకు పూచీ అడిగాడు. సత్తవ్వ పోశమ్మ గద్దె ముందు వేపమండ పట్టుకుని ఒట్టు పెట్టింది.

బడి ఇచ్చినంత సులువుగా బియ్యం రాలేదు. ఎవరి భయం వాళ్లది, ఎవరి కరువు వాళ్లది. మొదటి పూటకు సత్తవ్వ ఇంట్లో బియ్యం మొత్తం ఊడ్చిపెట్టినట్టు అయిపోయాయి. లోపల పిల్లలు ఏడుస్తుంటే ఆమె తాడు దగ్గర నిలబడి విన్నది. తర్వాత ఇంటికొచ్చి నెత్తి మీద నీళ్లు పోసుకుంది. గంపకు పసుపు రాసి, వేపమండ పెట్టి, తడిబట్టలతో వీధిలోకి నడిచింది.

"అవ్వా, జోగు!"

అమ్మవారికి మొక్కుకున్నవాళ్లు ఇంటింటికీ తిరిగి బియ్యం అడగడాన్ని జోగు అంటాం. దొర భార్య అయినా మొక్కుంటే అడగాల్సిందే. జోగు అడిగినవాళ్లను ఉత్తచేతులతో పంపే ఇల్లు మా దిక్కు లేదు. ఉప్పు కూడా అడగని సత్తవ్వ కొంగు నడుముకు చుట్టి, గుమ్మం గుమ్మం ముందు గంప దించుతుంటే నాకు కండ్లల్లో నీళ్లు ఆగలేదు. బియ్యం పోశారు, పప్పు పోశారు, చింతపండు వేశారు. బీడీల కార్ఖానా గుమస్తా, ఎప్పుడూ లెక్కలో ఒక కట్ట కోతపెట్టకుండా వదలని మనిషి, గంప చూసి చెప్పులు విడిచి బియ్యం పోశాడు. బుచ్చిరాములు ముఖం పక్కకు తిప్పుకున్నాడు గానీ అతని భార్య చాటెడు తెచ్చింది.

రోజూ ఇదే. బడి ఎదుట మూడు రాళ్ల పొయ్యి. వండి, అన్నమున్న గంజు తాడు దగ్గర పెట్టి, వెనక్కి వచ్చి, కేకేసి అడిగేది. "మా సరోజన ఎవలకన్న కండ్లబడ్డదా?" ఒకరు స్టేషన్‌లో చూశామన్నారు. ఒకరు ఆ గల్లీకి తాళాలే ఉన్నాయన్నారు. కొత్తగా లారీ వచ్చినప్పుడల్లా సత్తవ్వ గరిటె పట్టుకునే పరుగెత్తేది. దిగినవాళ్లలో తన బిడ్డ లేకపోతే ఒక్క నిమిషం నిలబడి, "రాండ్రి, ఆకలైతుందా?" అనేది. "సరోజనకు గూడ ఎవలో ఒకలు పెడ్తుండొచ్చు" అని నాతో అంది ఒకసారి. పెడుతుండాలని నేనూ మొక్కుకున్నాను.

బతుకమ్మ మొదలైంది. ఆ మధ్యాహ్నం లారీ ఆగితే సత్తవ్వ లేవలేదు, అలవాటుగా తల మాత్రం తిప్పింది. ఎల్లేశం దిగాడు. వెనకాల సరోజన, చంకలో పిల్ల.

సరోజన చిక్కిపోయింది. "అవ్వా" అని అరిచి పరుగున రాబోతుంటే, తాడు దగ్గర కాపలా ఉన్నవాళ్లు నిలిపి, చుట్టు తిప్పి బడిలోకి పంపారు. సత్తవ్వ ఇవతల నిలబడింది. ఊరు సగం అక్కడే ఉంది. బుచ్చిరాములూ ఉన్నాడు. అందరూ ఆమెనే చూస్తున్నారు. ఒట్టు పెట్టిన మనిషి ఏం చేస్తుందోనని.

"మంచిగున్నవా?" అంది సత్తవ్వ.

"మంచిగున్ననే. నువ్వు?"

"మంచిగున్న. పిల్లను దించు, సూస్త."

సరోజన పిల్లను కిందికి దించింది. రెండేళ్లుంటాయేమో, ఎండకు ముఖం కమిలిపోయింది. సత్తవ్వ లోపలి పిల్లలకని తెచ్చిన మలీద ముద్ద ఇంకా ఆమె చేతిలోనే ఉంది. ఆకలి మీదున్న పిల్ల ఆ ముద్దను చూసింది. తాడంటే పెద్దవాళ్లకు గానీ దానికేం తెలుసు? కిందినుంచి దూరి, ఆమె వైపు నడిచింది. సత్తవ్వ ఒక అడుగు వెనక్కి వేసింది. పిల్ల ఇంకా దగ్గరికొచ్చింది. సత్తవ్వ మళ్లీ వెనక్కి జరిగింది. "అద్దు బిడ్డా, అద్దు, ఆడనే ఉండు" అంటూనే జరుగుతోంది. సరోజన తాడు పట్టుకుని ఏడుస్తోంది. పిల్ల చేతులు రెండూ ఎత్తింది.

నా జన్మలో నేను అంత దారుణం చూడలేదు. మనవరాలు చేతులెత్తి వస్తుంటే అమ్మమ్మ వెనక్కి నడవడం.

కొద్ది అడుగుల తర్వాత సత్తవ్వ ఆగిపోయింది. వంగి పిల్లను ఎత్తుకుంది. గట్టిగా రొమ్ముకు అదుముకుని, ఆ చిన్న మెడలో ముఖం పెట్టి ఏడ్చింది. కాసేపటికి తల ఎత్తి బుచ్చిరాములును చూసింది.

"ముట్టుకున్న బావా. నా మాట నేను తప్పను. లోపటికే పోతున్న. గంప ఎవలు పట్టుకుంటరో మీరు సూసుకోండ్రి."

తాడు పైకెత్తి, పిల్లతో సహా లోపలికి పోయింది.

నేనూ బుచ్చిరాములు భార్యా పొయ్యి రాజేశాం గానీ, గంపలో ఉన్నది ఆ పూటకే సరిపోయింది. జోగు అడగాలంటే మొక్కు ఉండాలి. ఉత్తగా అడిగితే జనం మళ్లీ తలుపుల వెనకే ఉంటారు. మర్నాడు పొద్దున్నే ఏం చేయాలా అని కూర్చుంటే వీధి చివర మొగ గొంతు వినిపించింది, సగం సిగ్గుతో.

"జోగు... అవ్వా, జోగు!"

బుచ్చిరాములు. తడి ధోవతి, నెత్తి మీద గంప, నూనె లేక వాలిపోయిన మీసాలు, వాటి మీద పసుపు. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. ఒక ముసలామె, "ఇంక జర గట్టిగ ఒర్రు పెద్దమనిషీ, ఇనవడ్తలేదు" అంది. ఆ రోజు గంప రెండుసార్లు నిండింది. ఎందుకు మొక్కావని భార్య అడిగితే, "గా పొల్ల చేతులెత్తింది సూసినవు గదా" అన్నాడట.

బడిలో సత్తవ్వ ఎలా ఉందో మాకు తాడు ఇవతలి నుంచే కనబడేది. అల్లుడితో నేరుగా మాట్లాడకూడదు గనుక మనవరాలికి చెప్తున్నట్టు చెప్పేది. "మీ నాయనను జర తిను అను." ఎల్లేశం కూడా పిల్లతోనే, "మీ అమ్మమ్మకు చాలా పౌరుషం గదా, రైలంటె మాత్రం భయమట" అనేవాడు. సత్తవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. అన్నేళ్ల బిగువు అలా సడలింది. రాత్రి బడి వరండాలో పిల్లను పొట్ట మీద పడుకోబెట్టుకునేదట. పండగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు, మేము తాడు ఇవతల ఆడితే వాళ్లు అవతల ఆడారు. ఇటు పాట ఎత్తుకుంటే అటు అందుకున్నారు. సత్తవ్వ పేర్చిన బతుకమ్మ బడిలో అన్నిటికంటే ఎత్తుగా ఉంది.

ఎవరికీ రోగం రాలేదు. డాక్టరు సరేనన్నాక తాడు విప్పేశారు. దీపావళి కాగానే సూరత్‌లో సాంచాలు మళ్లీ నడుస్తున్నాయని కబురొచ్చింది. రావాల్సినవాళ్లు రాకపోతే వేరేవాళ్లను పెట్టుకుంటారట. ఒక్కొక్క ఇల్లే ఖాళీ అయింది. ఎల్లేశం బస్సెక్కే ముందు, మొదటిసారి నేరుగా అన్నాడు. "అత్తమ్మా, ఇగ ఎవలు తోలుకపో రాకున్న మేమే వస్తం."

అబద్ధమాడాలని అన్న మాట కాదది. పండగకు సెలవు దొరకదు, దొరికినప్పుడు చార్జీలుండవు. మరుసటేడు రాలేదు, ఆ పై ఏడూ రాలేదు. సూరత్ నుంచి వాళ్లను ఇంత దూరం తెచ్చింది ఆ రోగమొక్కటే.

పోయిన బతుకమ్మకు సత్తవ్వ మళ్లీ తలుపేసుకుంది. నేను సత్తుపిండి పట్టుకుని పోయాను. మంచం మీద ఊరికే కూర్చుని ఉంది. చేయి పొట్ట మీద పెట్టుకుంది.

"పొల్ల ఈడనే పండుకునేది," అంది. "మస్తు బరువుండె."

నేను పక్కన కూర్చున్నాను.

"గా రోగం మళ్ల రావద్దు బిడ్డా. పగోనికి గూడ రావద్దు. గని గా బడిల ఉన్న దినాలు మాత్రం ఒక్కపారి మళ్ల రావాలె. గిట్ల కోరుకునుడు పాపమా, నువ్వు చెప్పు."