మందు ఇచ్చిన టైము, రాసిన టైము

ఒక హాస్పిటల్ పాత రికార్డులను కొత్త సిస్టమ్‌లోకి మార్చే పని మా టీముకు వచ్చినప్పుడు ఎగిరి గంతేశాను. రాయదుర్గం మెట్రో దిగి ఆఫీసుకు నడుస్తున్నా అదే ధ్యాస. అక్కడ వార్డుకు ఒక సిస్టమ్, ల్యాబుకు ఒకటి, మందుల కౌంటరుకు ఒకటి, ఇన్సూరెన్స్ డెస్కుకు ఇంకొకటి. ఒకే రోగి వివరాలను నలుగురు నాలుగు చోట్ల మళ్లీ మళ్లీ కొట్టేవాళ్లు. రికార్డును ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, దేనికోసం రాశారు అన్న వివరాలు ఒక్కసారి నమోదైతే చాలు, అన్ని సిస్టమ్‌లూ వాటినే వాడుకునేలా చేయడం మా పని. పాతదాంట్లో ఏ గడి కొత్తదాంట్లో ఏ గడిలోకి వెళ్లాలో చెప్పే షీట్ నాది. దాన్ని చూసుకుని తెగ మురిసిపోయేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

పాత సిస్టమ్ గురించి వివరించడానికి హాస్పిటల్ రికార్డు రూమ్ చూసుకునే పెద్దాయన వారం రోజులు మా ఫ్లోర్‌కు వచ్చారు. మా ఏసీకి తట్టుకోలేక చెవులకు మఫ్లర్ చుట్టుకుని కూర్చునేవారు. గడి గడికీ ఒక కథ చెప్పేవారు, నాకేమో విసుగు. మందుల ఎంట్రీలో రెండు టైములు ఉండేవి. నర్సు మందు ఇచ్చిన టైము ఒకటి, ఆ సంగతి కంప్యూటర్లో రాసిన టైము ఇంకొకటి. రెండింటికీ ఐదారు నిమిషాలే తేడా. కొత్త సిస్టమ్‌లో రెండో టైమును కంప్యూటరే తనంతట తాను నింపుకుంటుంది. పాత టైమును అందులో కూర్చోబెట్టాలంటే ఇంకో వారం పని. నేను దాని ఎదురుగా ‘అవసరం లేదు’ అని కొట్టేశాను.

పెద్దాయన అది చూశారు.

"గది తీసెయ్యకమ్మా. ఇచ్చిన టైము ఎవరైనా ఏమన్న రాస్కోవచ్చు. ఎప్పుడు రాసిన్రో, గదే సాక్ష్యం" అన్నారు.

చూద్దాం సార్ అన్నాను. మా ఆఫీసుల్లో చూద్దాం అంటే చూడం అని అర్థం. ఆయనకు ఆ సంగతేం తెలుసు? ఊరికే ఫార్మాలిటీ అంటూ షీట్ చివరి పేజీ ముందుకు తోస్తే, నన్ను నమ్మి సంతకం పెట్టి వెళ్లారు.

ఒక ఆదివారం పొద్దున రికార్డులన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించాం. ఖాళీగా ఉన్న ‘రాసిన టైము’ గడుల్లో కంప్యూటర్ ఆ ఆదివారం టైమునే వేసేసుకుంది. నేను గమనించనైనా లేదు. కేక్ కోసుకున్నాం. పాత సర్వర్ తుడిచేయవచ్చని మెయిల్ పెట్టింది కూడా నేనే.

రెండు నెలల తర్వాత పెద్దాయన ఫోన్ చేశారు. ఆ ఆదివారానికి ముందు బుధవారం వార్డులో ఒక రోగి చనిపోయాడట. వేళకు మందు ఇవ్వలేదని ఇంటివాళ్లు ఫిర్యాదు చేశారట. ఇచ్చానని నర్సు రాసి ఉంది. కానీ అది రాసింది ఆదివారం అని కంప్యూటర్ చెబుతోంది. మనిషి పోయాక తీరిగ్గా కూర్చుని రాసిందని తేల్చేశారు. విచారణ చేసినవాళ్లనూ అనలేను. ఆ ఒక్క రోగి రికార్డే తీసి వార్డులో చూశారు, మందుల కౌంటరులో చూశారు, ఇన్సూరెన్స్ డెస్కులోనూ చూశారు. అన్నిచోట్లా ఆదివారమే. అన్నీ ఒకే మాట చెప్పేలా చేసింది నేనే కదా! నర్సును ఉద్యోగంలోంచి తీసేశారు. అది తప్పుడు టైము అని పెద్దాయన మొత్తుకుంటే, సంతకం పెట్టింది మీరే కదా అని ఆయన నోరు మూయించారు.

నేను మేనేజర్ దగ్గరికి పరిగెత్తాను. ఆయన తలుపు వేసి, ఆమోదం పొందిన షీట్ ప్రకారమే చేశామని హాస్పిటల్‌కు ఒక్క వాక్యం రాసి ఊరుకోమన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. అలాగే రాసి పంపాను.

తర్వాతి వారం ఒక మధ్యాహ్నం ఆ నర్సే నన్ను వెతుక్కుంటూ వచ్చింది. నంబరు పెద్దాయన ఇచ్చారట. పాస్ లేనిదే పైకి రానివ్వరు కాబట్టి నేనే కిందికి దిగాను. నాకంటే నాలుగైదేళ్లు పెద్దదై ఉంటుంది. మెడలో సన్నటి గొలుసు, దానికి చిన్న సిలువ. టవర్ ఎదురుగా టీ బండి పక్కన నిలబడ్డాం. ఆమె ఏడవలేదు, నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. జరిగిన దానికి చాలా తర్వాత రికార్డు రాసినట్టు తేలిందని ఆమెను తీసేసిన కాగితంలో ఉందట. అది చూసి ఇప్పటికే రెండు హాస్పిటళ్లు వద్దన్నాయట. పదిహేనేళ్లుగా ఆమెకు తెలిసిన పని అదొక్కటే.

"ఆ ఆదివారం టైము నేను వేసింది కాదండి, కంప్యూటర్ వేసుకుందని ఒక్క ముక్క రాసివ్వండి. అంతే చాలండి" అంది.

ఒక్క ముక్క. ఐదు నిమిషాల పని. నా పేరు పెట్టి రాసిస్తే ఆమె మీద మచ్చ పోతుంది, మహా అయితే నా ఉద్యోగం పోతుంది. ఇంకోటి దొరక్కపోదు. ఇవన్నీ నాకు అక్కడ నిలబడే తెలుసు. అయినా నా నోట్లోంచి, కంపెనీ ఒప్పుకోదండి అన్న మాటే వచ్చింది. ఛీ, నేనేనా అన్నది అనిపించింది. వెనక్కి మాత్రం తీసుకోలేదు.

ఆమె తను తెచ్చిన ఆ కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

"పర్లేదండి. మీకూ పిల్లలుంటారు, వాళ్లని చూసుకోవాలి కదా" అని చెప్పి మెట్రో మెట్ల వైపు వెళ్లిపోయింది.

నాకు పిల్లల్లేరు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.