తొమ్మిది నకళ్లలో ఒకే వరుస

హెల్కా పూస్తినెన్ ముప్పై అయిదేళ్ల వయసు దాకా ఒక చిన్న పత్రికలో ప్రూఫులు దిద్దింది. పత్రిక మూతపడ్డాక సాయంత్రపు తరగతులకు వెళ్లి కోడు చదవడం నేర్చుకుంది. రాయడం కాదు, చదవడం. రాసేవాళ్లు ఎటూ ఉన్నారు. ఇప్పుడామెకు యాభై ఎనిమిది. తూర్పు ఫిన్లాండ్‌లో సరస్సుల మధ్యనున్న ఆ మునిసిపాలిటీ ఏ సాఫ్ట్‌వేరు తీసుకోవాలన్నా ముందు ఆమె కళ్ల కిందికి రావాలి. ఇన్నేళ్లలో ఆమె "బాగుంది" అని రాసినవి రెండే. ఆ రెండిటి కిందా చిన్న చిన్న అభ్యంతరాలు ఉన్నాయి.

మార్చిలో పల్లెల లైబ్రరీలకు బ్లాగు కావాలన్నారు. ఎవరైనా ఉచితంగా తీసుకుని మార్చుకోగల ఓపెన్‌సోర్స్‌లో ఒకటి దొరికింది, పేరు పిహ్లాయ. పేరున్న వెబ్ ఫ్రేమ్‌వర్క్ మీద కట్టింది. పునాదీ గోడలూ ఫ్రేమ్‌వర్క్‌వి, లోపలి గదులన్నీ తార్మో వైసనెన్ అనే ఒకే మనిషి కట్టినవి. మొదటి పేజీలో నోటీసు పెట్టి ఉంది: "దీన్ని ఎవరైనా వాడుతున్నారో లేదో నాకు తెలియదు. నెలాఖరుకి మూసేస్తాను."

హెల్కా ఉత్తరం రాస్తే తార్మో రెండు ముక్కల్లో జవాబిచ్చాడు. "మీరు తీసుకుంటే తెరిచి ఉంచుతాను. లేదంటే తొమ్మిదేళ్లు చాలు."

"ఆయనే మూసేస్తానంటుంటే నువ్వెందుకు చదవడం?" అన్నాడు పై అధికారి యార్కో, కాఫీ గదిలో ఉడికిన గుడ్డు కలిపిన వెన్న రాసిన రొట్టె నములుతూ. హెల్కా కంటే పదిహేడేళ్లు చిన్నవాడు. "వద్దని రాసెయ్. డబ్బులిచ్చి ఇంకోటి కొందాం."

"చదవకుండా రాయను."

"చదివితే ఎప్పటికి తేలుతుంది?"

"శుక్రవారానికి."

"ఒక్కసారైనా ఆలస్యం చెయ్యవేం హెల్కా? నాకూ ఎవర్నో ఒకర్ని తిట్టాలని ఉంటుంది."

"ప్రింటర్ని తిట్టు."

కిటికీ అవతల సరస్సు ఇంకా గడ్డకట్టే ఉంది. దాని మీద పడిన ఎండ గదిలోకి వచ్చి ఆమె వేళ్ల మీద నిలిచింది. పిహ్లాయను తన కంప్యూటర్లో పెట్టుకుని నడిపింది. దానితో వచ్చిన నూటపన్నెండు పరీక్షల్లోనూ నెగ్గింది. కోడు, చలికాలం ముందు గోడవారన పేర్చిన కట్టెల్లా ఉంది. ఒక్క కట్టె ముందుకు పొడుచుకు రాలేదు. కోడు పక్కన రాసే వ్యాఖ్యలు దాదాపు లేవు. ఉన్నచోట మాత్రం, దారి తప్పినవాణ్ని చూసి తల ఊపినట్టు, ఒక్క మాట.

తప్పు బుధవారం దొరికింది. ఇంకా ప్రచురించని చిత్తుప్రతులు జాబితాలో కనబడవు. కాని పేజీ చిరునామాలో చివరి అంకె మార్చితే ఎవరికైనా తెరుచుకుంటాయి. చూసేవాళ్లకు అనుమతి ఉందా అని అడిగే ఒక్క వరుస కోడు ఆ పేజీలో లేదు. లైబ్రరీలో ఎవరో సగం రాసి దాచుకున్న మాట ఊరంతా చదవొచ్చు. హెల్కా నివేదికలో "తీవ్రం" అని రాసింది. ఆ ఒక్క మాట చాలు, యార్కో మిగతాది చదవడు.

నివేదికలో చివరి గడి ఒకటి మిగిలింది: "వాడుకరులు". చర్చల పేజీ తెరిస్తే ఖాళీ. ఫిర్యాదుల పేజీ ఖాళీ. "ఎవరూ లేరు" అని రాయబోయి, ప్రూఫుల నాటి అలవాటుకొద్దీ, ఇతరులు తీసుకుని మార్చుకున్న నకళ్ల జాబితా కూడా విప్పింది. పదకొండు ఉన్నాయి. మొదటిదానిలో ఒకే ఒక్క మార్పు, చిత్తుప్రతుల పేజీలో అనుమతి అడిగే వరుస. రెండోదానిలోనూ అదే. మూడోది వేరేవాటిని ముట్టుకుంది. నాలుగోది మళ్లీ అదే. అలా తొమ్మిది నకళ్లలో, ఆరేళ్ల పొడుగునా, తొమ్మిదిమంది విడివిడిగా ఒకే కన్నం పూడ్చుకున్నారు. ఆ బ్లాగులన్నీ ఇప్పటికీ నడుస్తున్నాయి. తార్మోకి ఒక్కరూ చెప్పలేదు.

ఎనిమిదో నకలు ఒక పడవ పోటీల క్లబ్బుది. దాని మీద ఉన్న పేరు యార్కోది.

హెల్కా లేచి అతని గదికి వెళ్లింది.

"నీ క్లబ్బు బ్లాగు పిహ్లాయేనా?"

"ఆఁ. బాగానే నడుస్తోంది. ఏం?"

"చిత్తుప్రతుల సంగతి నాలుగేళ్ల కిందటే సరిచేశావు."

"చేశాను. ఒక్క వరుసేగా."

"ఆయనకి చెప్పలేదేం?"

యార్కో కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. "పాపం, ఆయన పని ఆయన చేసుకుంటున్నాడు. ఒక్క వరుస కోసం ఇబ్బంది పెట్టడం ఎందుకని."

"ఎవరూ వాడట్లేదని మూసేస్తున్నాడాయన."

"నేను వాడుతున్నాగా!"

"ఆ మాట నాకు చెప్తున్నావు."

అతని చెవులు ఎర్రబడ్డాయి. "నివేదికలో నా పేరు రాస్తావా?"

"అందరి పేర్లూ రాస్తాను. నకళ్ల జాబితాలో నీది ఎనిమిదోది."

గురువారం పొద్దున్న ఆమె తార్మోకి ఫోన్ చేసింది. నివేదికలో ఇంకా ఏ నిర్ణయమూ రాయలేదు. తప్పు చెప్పింది, ఏ పేజీలో ఉందో చెప్పింది, శుక్రవారం లోపల సరికాకపోతే వద్దనే రాస్తానని చెప్పింది. తర్వాత తొమ్మిదిమంది పేర్లూ, వాళ్ల ఊళ్లూ, ఒకదాని తర్వాత ఒకటి మెల్లగా చదివింది.

"వింటున్నారా?"

"వింటున్నా. తొమ్మిదిమందా?"

"తొమ్మిది."

"అందరూ కన్నం చూశారా?"

"చూశారు. పూడ్చుకున్నారు. ఇప్పటికీ వాడుతున్నారు."

తార్మో కాగితం తీసిన చప్పుడు వినిపించింది. "ఎవరిది బాగుంది వాళ్లల్లో?"

"జాబితాలో నాలుగోది. కెమి ఊరావిడది. పడవల క్లబ్బాయనది అన్నిటికంటే అధ్వాన్నం."

ఆయన నవ్వాడో దగ్గాడో తెలియలేదు. "అయితే ఆవిడదే తీసుకుంటాను. ముందు ఆవిడ్ని అడగాలి కదూ?"

"అడగండి. ఆవిడ నంబరు ఇస్తా, రాసుకోండి."

ఆయన రాసుకున్నాడు. కుర్చీ నేల మీద జరిగిన చప్పుడైంది. ఫోను పెట్టేయలేదు. మరో ఫోనులో అంకెలు నొక్కుతున్నట్టుంది. "హలో, నా పేరు తార్మో. మీరు నాకు తెలియదు" అంటున్నాడు ఎవరితోనో. హెల్కా ఫోను చెవి దగ్గరే ఉంచుకుని కూర్చుంది.